చీనీ తోట ఎవరికి?

20 నవంబరు 2025, గురువారం, తొండూరు

పేపర్లో నిన్నటి సుప్రీంకోర్టు వార్త. హిందూ ఆడవాళ్లు ఆలస్యం చేయకుండా వీలునామా రాసుకోవాలని జస్టిస్ నాగరత్న బెంచి విజ్ఞప్తి చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను చెల్లుతుందా లేదా అన్నది మాత్రం తేల్చలేదు. మీ జాగ్రత్తలో మీరుండండి అన్నట్టుంది.

బిడ్డల్లేని వితంతువు వీలునామా లేకుండా పోతే, ఆమె కష్టార్జితం ముందు భర్త వారసులకు పోతుంది. కన్నవాళ్ల వంతు ఆ తర్వాతే. నారాయణీదేవి కేసు ఇట్లాంటిదే. 1955లో పెళ్లి. మూడు నెలలకే భర్త పాము కరిచి చనిపోయినాడు. అత్తగారింటివాళ్లు వెళ్లగొడితే పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసి కూడబెట్టింది. 1996లో వీలునామా రాయకుండానే పోయింది. ఆ సొమ్ము ఆడబిడ్డ కొడుకులదేనని 2009లో సుప్రీంకోర్టు తీర్పు. సానుభూతి వేరు, చట్టం వేరు అని జడ్జీలే రాసినారు.

మా అక్కకూ పిల్లల్లేరు. బావ పోయి చాలా ఏళ్లయింది.

23 నవంబరు, ఆదివారం

అక్క తోటకు పోయినా. పెండ్లప్పుడు నాయన పసుపు కుంకుమ కింద గిఫ్టు రిజిస్ట్రేషను చేసిచ్చిన నాలుగెకరాలు. చీనీ చెట్లు ఆమె పెట్టించినవే. పేపరు సంగతి చెప్తే నవ్వింది. "నాయన ఇచ్చిన భూమి యాడికి పోతాదిరా? మన ఇంటికే గదా వచ్చేది."

అక్కడే ఉంది చిక్కు. నాయన చనిపోయినాక వారసత్వంగా వచ్చిన భూమైతే తిరిగి నాయన వారసులకు వస్తుంది. ఆయన బతికుండగా గిఫ్టుగా ఇచ్చింది వారసత్వం కాదు, అది బావ వైపు వారసులకే పోతుందని లాయరు చెప్పినాడు. ఇంత తేడా ఉందని ఊర్లో ఎంతమందికి తెలుసు? పెద్దింటోళ్ల ఆస్తి తగాదాల మీద టీ అంగడి కాడ తీర్పులిచ్చేవాళ్లకు కూడా తెలియదు.

చాలాసేపు మాట్లాడక, "రాసిస్తే మల్లా నా ముఖం ఎవరు చూస్తారబ్బీ?" అంది. అసలు భయం చావు కాదు, ఇది. పక్క వీధి ముసలాయన ఇల్లు కొడుకు పేర సెటిల్మెంటు చేసి, ఇప్పుడు అరుగు మీద కూచోవడం రోజూ చూస్తోంది. ఆయన చేసింది సెటిల్మెంటు, ఆ రోజే హక్కు పోయింది. 2007 నాటి పెద్దల సంరక్షణ చట్టం కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు గానీ, చూసుకుంటామన్న షరతు దస్తావేజులో ఉండాలనే వాదం మొదలవుతుంది. వీలునామా అట్లా కాదు. ఆమె ఉన్నంతకాలం తోట ఆమెదే. ఎన్నిసార్లయినా మార్చచ్చు, చించేయచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. ఈ ముక్క విన్నాకే ఆమె ముఖం తేటబడింది.

29 నవంబరు, శనివారం

లాయరు ఫోనులో: తెల్ల కాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, అక్క కంటే చిన్నవాళ్లయితే మేలు. ఆమె సంతకం పెట్టడం వాళ్లు చూడాల, ఆమె ఎదుటే వాళ్లూ పెట్టాల. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ చేయించమన్నాడు. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం నంబర్లు వచ్చినాయి, పాత వీలునామాలున్నవాళ్లు సరిచూసుకోవాలన్నాడు. అక్క బ్యాంకు డిపాజిట్టుకు నామినీగా నా పేరుంది. నామినీ డబ్బు చేతికి తీసుకునేవాడే గానీ సొంతదారు కాదు, కాబట్టి అదీ రాయాల్సిందే.

ఇంకో మాట గట్టిగా చెప్పినాడు. లాభం పొందేవాడు దగ్గరుండి రాయిస్తే కోర్టుకు అనుమానం పుడుతుంది. అక్క నా కూతురికి ఇస్తానంటోంది కాబట్టి నేను ఆ చాయలకే పోకూడదు. నాకు ఇదే బాగా నచ్చింది.

8 డిసెంబరు, సోమవారం

అక్క సాక్షులతో పోయి రిజిస్టరు చేయించుకుని వచ్చింది. నేను ఇంటికాడనే ఉన్నా. సాయంత్రం తనే చెప్పింది: మూడెకరాలు నా కూతురికి, ఎకరా బావ తమ్ముని కొడుక్కు. ఇన్నేళ్లూ రాత్రిపూట కరెంటు వస్తే లేచి తోటకు పోయి మోటరు వేసింది ఆ పిల్లోడే. మా ఇంట్లో ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. చట్టానికి వదిలేసుంటే మా పిల్లకు ఏమీ వచ్చేది కాదు, మేం రాయించుంటే ఆ పిల్లోనికి ఏమీ దక్కేది కాదు. ఆమె పంపకమే న్యాయంగా ఉంది.

మా ఇంటి పట్టా నా భార్య పేర ఉంది. ఆమె వీలునామా, నాది, రెండూ సంక్రాంతి లోపల రాయించాల.