ఎవరి పలక వారిది

పిల్లలూ! మీరు సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే ఉంటారు. పెద్ద గాలిపటం లాగుతూ ఉంటే, మనిషి కాళ్ళకింద పలకతో సముద్రం మీద జారిపోయే ఆట ఒకటున్నది. దాన్ని కైట్‌బోర్డింగ్ అంటారు. అందులో ఒక రకం 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చేరింది.

కిందటేడు రామేశ్వరం తీరాన మా మనవడు ఈ ఆట నేర్చుకోబోయాడు. వాడి ఈడూ, వాడి బరువూ ఉన్న కుర్రవాడొకడు అక్కడ పొట్టి పలకతో గాలిలోకి గంతులు వేస్తున్నాడు. మావాడూ అటువంటి పలకే కావాలన్నాడు. నేర్పే ఆయన, "నీ బరువెంత, బాబూ?" అని అడిగాడు.

"60 కిలోలండీ."

"నీకు సుమారు 135 సెంటీమీటర్ల పలక సరిపోతుంది. కాని కొత్తవాడివి, 140ది తీసుకో!"

మనవడి మొహం చిన్నబోయింది. నేనూ వాడి పక్షాన కారణం అడిగాను.

"పెద్ద పలకను తక్కువ వేగానికే నీరు పైకెత్తి నిలుపుతుంది. చిన్నది వేగం తగ్గగానే మునుగుతుంది. అలాగని మరీ పెద్దదీ ప్రమాదమే. గాలి హెచ్చితే దాని అంచును నీటిలోకి నొక్కిపట్టలేక అదుపు తప్పుతాం. అందుకే గాలి తక్కువైతే పెద్దదీ, హెచ్చితే చిన్నదీ వాడతాం," అన్నాడాయన.

గాలిపటం అదుపు చేయటం వచ్చాక, మావాడు ఆ పెద్ద పలకే ఎక్కాడు. ఎన్నోసార్లు పడి, చివరకు పది బారల దూరం నిలబడి వచ్చాడు. వాడి నవ్వు చూడాలి!

పిల్లలూ, మన పలక ఎంతో మన బరువు చెబుతుంది, గాలి చెబుతుంది, మన నేర్పు చెబుతుంది. పక్కవాడి పలక చెప్పదు.