రెడింగ్ సంతలో చేపముల్లు గుడ్డ

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకు వాయవ్యంగా సుమారు 60 మైళ్ళ దూరంలో ఒక ఊరుంది. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే మనం ‘రీడింగ్’ అని చదువుతాం. ఆ ఊళ్ళో అలా అన్నారంటే కొత్తవాళ్ళని ఇట్టే పట్టేస్తారు. ‘రెడింగ్’ అనాలి సుమండీ! ఊరిని ఒరుసుకుంటూ స్కూకిల్ నది, ఊరి నెత్తిమీద పెన్ కొండ, ఆ కొండకొమ్మున 1908లో జపాను ఫక్కీలో కట్టిన ఏడంతస్తుల పగోడా. జర్మనుల ఊళ్ళో జపాను గోపురమేమిటని మొదట్లో నాకూ తోచింది.

జర్మనుల ఊరని ఎందుకంటున్నానంటే, ఈ ప్రాంతంలో పాత కాపురస్థులు చాలామంది 18వ శతాబ్దంలో జర్మనీ నుంచి ఓడలెక్కి వచ్చిన రైతుల సంతతి. లోకం వాళ్ళని ‘పెన్సిల్వేనియా డచ్చి’ వాళ్ళంటుంది గాని హాలండుతో వాళ్ళకి చుట్టరికం లేదు. ఈ ఊరి విమానాశ్రయానికి కార్ల్ స్పాట్జ్ పేరు పెట్టారు. ఆయన ఇక్కడికి దగ్గర్లోనే బాయర్‌టౌన్‌లో 1891లో పుట్టాడు. జర్మన్ సంతతివాడే. పెద్దవాడై, రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ మీద బాంబులు కురిపించిన అమెరికా వైమానిక దళాలకి అధిపతి అయ్యాడు. తాతలు విడిచి వచ్చిన దేశం మీదికి మనవడు విమానాలు పంపాడన్నమాట!

ఆ విమానాశ్రయంలోనే ఏటా జూన్ నెలలో, అక్కడి విమాన మ్యూజియంవారు మూడు రోజులపాటు రెండో ప్రపంచయుద్ధపు తిరునాళ్ళ జరుపుతారు. తిరునాళ్ళ అనే మాటే దానికి తగినది. పాత విమానాలు నెత్తిమీద గుండ్రాలు కొడుతుంటాయి. న్యూగినీ కొండల్లో 1945లో కూలిపోయి, 1989లో దిగివచ్చిన ‘బ్లాక్ విడో’ అనే రాత్రి యుద్ధవిమానం ఈ మ్యూజియంవారి పెద్ద ఆస్తి. కింద గుడారాలు, జీపులు, వంటబళ్ళు, ఆనాటి పాటల కచేరీలు. వందలాది జనం ఆనాటి సైనికుల్లా దుస్తులు ధరించి, తమ తమ దళాల గుడారాల ముందు కాపురం పెట్టేస్తారు. అమెరికావాళ్ళుంటారు, ఇంగ్లీషువాళ్ళుంటారు, రష్యావాళ్ళుంటారు. యుద్ధమన్నాక అవతలి పక్షం కూడా ఉండాలి గనక, జర్మన్లూ ఉంటారు.

నేను కిందటి జూన్‌లో అక్కడికి వెళ్ళింది విమానాల కోసం కాదు, గుడ్డ కోసం. చీరాలలో నలభై ఏళ్ళు బట్టలకొట్టు నడిపినవాణ్ణని మా అబ్బాయి పక్కింటి కుర్రాడితో ఎప్పుడో అన్నాడట. ఆ కుర్రాడు కార్లు మరమ్మతు చేసే షాపులో పనివాడు. చరిత్రంటే ప్రాణం. “అంకుల్, నాతో రండి. గుడ్డ చూసి చెప్పేవాళ్ళు నాకు కావాలి” అన్నాడు. అతని జేబులో ఉన్నది 150 డాలర్లు.

అతని కథ కొంచెం చెప్పాలి. స్నేహితులు జర్మన్ వంటశాల ఒకటి పెడుతున్నారు, ఇతన్నీ చేరమన్నారు. వాళ్ళమ్మగారు ససేమిరా అన్నది. ఆవిడ పెదనాన్న పెన్సిల్వేనియావారి 28వ డివిజన్‌లో చేరి, 1944 నవంబరులో హ్యూర్ట్‌గెన్ అడవిలో చనిపోయాడు. ఆ అడవిలో ఆ డివిజన్ వేలమందిని పోగొట్టుకుంది. “రొమ్ముమీద ఆ గద్ద ఉన్న చొక్కా నా గడప తొక్కడానికి వీల్లేదు” అన్నదట. గద్ద కాళ్ళకింద హిట్లరు స్వస్తిక. మనం గుమ్మానికి పసుపుతో దిద్దుకునే గుర్తుకి ఆ మహానుభావుడు పట్టించిన గతి అది. జర్మనీలో ఈనాటికీ దాన్ని బాహాటంగా ప్రదర్శిస్తే శిక్షాస్మృతి ప్రకారం నేరం.

కుర్రాడు వెతగ్గా వెతగ్గా ఒక దారి దొరికింది. జర్మన్ సిపాయికి ఉన్నికోటుతోబాటు పనిబట్టలని ఒక జత ఇచ్చేవారు. తుపాకి తుడవడానికి, గుర్రాలశాల ఊడవడానికి, దుంపలు చెక్కు తీయడానికి ఆ జత. దాన్ని ‘డ్రిల్లిష్’ అనేవారు. అయిదు బొత్తాలు, కింద రెండు అతుకుజేబులు, లోపల అస్తరు లేదు. రొమ్ముమీద గద్దా లేదు, భుజాలమీద పట్టీలూ లేవు. తల్లి ఆన దాటకుండా, జేబుకి చిల్లుపడకుండా ఉండేది అదొక్కటే. ఉన్నికోటూ లాగూ కొత్తగా కుట్టినవి కొనాలంటే అక్కడ 300 డాలర్ల పైమాటే.

‘డ్రిల్లిష్’ మాట వినగానే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. మన బళ్ళో పిల్లల నిక్కర్లకి కొనే డ్రిల్లు గుడ్డ లేదూ? బడిలో డ్రిల్లు చేసేటప్పుడు తొడుక్కుంటారు గనక ఆ పేరు వచ్చిందని మనవాళ్ళనుకుంటారు. అసలు సంగతి వేరు. మూడు పోగుల నేత అనే అర్థం గల లాటిన్ మాట నుంచి జర్మన్ ‘డ్రిల్లిష్’, దాన్నుంచి ఇంగ్లీషు ‘డ్రిల్లు’ పుట్టాయి. ఆ గుడ్డ మీద గీతలు ఒక వరస కుడికీ, ఒక వరస ఎడమకీ వాలి, తిన్న చేప వెన్నుముల్లులా కనిపిస్తాయి. జర్మన్లు దాన్ని చేపముల్లు నేత అనే అంటారు. అమెరికావాళ్ళు 1941 నుంచి తమ సిపాయిల పనిబట్టలకి వాడిందీ ఆ నేతే. కందకానికి అటూ ఇటూ ఒకే గుడ్డ!

మొదట్లో జర్మన్ల పనిబట్టలు రంగు వెయ్యని కోరాతెలుపు. మురికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దూరానికీ కనిపిస్తుంది. 1940లో రెల్లుపచ్చకి మార్చారు. 1942లో అదే గుడ్డతో నాలుగు జేబుల వేసవి కోటు కుట్టి, గుర్తులన్నీ తగిలించి యుద్ధానికే పంపారు. అంచేత జేబులు లెక్కపెట్టకుండా కొంటే మనవాడి పని అమ్మగారి దగ్గర ఖాయం.

సంతలో మొదటి దుకాణంలో కోటు 60 డాలర్లు. చూపుకి బాగానే ఉంది. చేత్తో నలిపి వదిలాను. ముడత పడకుండా విచ్చుకుంది. కుట్టు అంచున ఒక పోగు లాగి, అవతలికి వెళ్ళి అగ్గిపుల్ల గీశాను. నూలుపోగయితే కాగితం కాలిన వాసనతో మండి బూడిదవుతుంది. ఇది కరిగి నల్లపూసలా గట్టిపడింది. “పాలియెస్టరు కలిసింది, నాయనా. పొయ్యి దగ్గర ఇది తొడుక్కోకు” అన్నాను.

రెండో దుకాణంలో 600 డాలర్లకి ‘అసలైన’ కోటు. కుర్రాడికి నోరూరింది. అతని దగ్గరే చిన్న అతినీలలోహిత దీపం ఉంది. బల్లకింద చీకట్లో వేసి చూశాం. గుడ్డ మసకగానే ఉంది గాని కుట్టుదారం మాత్రం నీలంగా ధగధగలాడింది. ఈ కాలపు సబ్బుపొడితో ఉతికినా పాతబట్ట మెరుస్తుంది, కాని అప్పుడు గుడ్డంతా మెరవాలి. ఒక్క దారమే మెరిసిందంటే, అది కొత్త దారం. కోటు భద్రంగా మడిచి యజమానికి ఇచ్చేశాం.

మూడో దుకాణం ఒక ముసలాయనది. “ఇది నకలే. అసలని ఎవరికీ చెప్పను” అంటూనే చేతికిచ్చాడు. కోరాతెలుపు, రెండు జేబులు, అచ్చమైన నూలు. పోగు కాలిస్తే మెత్తటి బూడిద. మెడ లోపల చిన్న చీటీ: ఇండియాలో తయారైంది! ఇలాంటి నకళ్ళు ఇండియా నుంచీ పాకిస్తాన్ నుంచీ చైనా నుంచీ వస్తాయట. కోటు 85, లాగు 55.

చీటీ చూసి ముందు నాకు గర్వమే కలిగింది, దాస్తే ఏం లాభం? మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో రొమ్మెల్ సేనలతో తలపడి, 1944లో ఇటలీలో కాసినో కొండకింద నెత్తురోడ్చిన 4వ ఇండియన్ డివిజన్ జవాన్లు ఎడారిలో తొడిగింది ఖాకీ డ్రిల్లు. మద్రాసు శాపర్లలో మన తెలుగువాళ్ళూ ఉండేవారు. వాళ్ళ మనవలో, మునిమనవలో ఈనాడు ఏ కుట్టుమిషను ముందో కూచుని, ఆనాటి శత్రువు పనిబట్టలు కూలికి కుడుతున్నారేమో! ఆ తిరునాళ్ళలో భారతీయ సిపాయి గుడారం నాకొక్కటీ కనిపించలేదు. మన చేతిపని మాత్రం అవతలి గుడారంలో వేలాడుతోంది.

కొనేముందు ఒక్కటే చెప్పాను: “ఒక సైజు పెద్దది తీసుకో. కోరా గుడ్డ నీళ్ళు తాగితే ముడుచుకుంటుంది. వేణ్ణీళ్ళలో నాలుగుసార్లు ఉతికి ఎండేసిగాని చేతులు సరిచెయ్యకు.” పది డాలర్లు మిగిలాయి. వాటితో లోహపు బొత్తాలు కొన్నాడు. పనిబట్టల బొత్తాలు కుట్టరు. బెజ్జంలోంచి దూర్చి వెనక చిన్న తీగ రింగు తగిలిస్తారు. ఉతికేటప్పుడు ఊడదీసుకోవచ్చు.

ఆ రాత్రి వాళ్ళింట్లో అమ్మగారు కోటు దీపం కిందికి తీసుకుంది. కుడిరొమ్ము దగ్గర లోపలివైపుకి తిప్పి, అరచేత్తో రెండుసార్లు రాసి చూసింది. ఊడదీసిన కుట్టుజాడ ఏమైనా తగులుతుందేమోనని కాబోలు. ఏమీ తగల్లేదు. ఏమీ అనలేదు. రింగుల డబ్బా దగ్గరికి లాక్కుని, బొత్తాలు ఒక్కొక్కటే తనే తగిలించింది.

మర్నాడు ఆదివారం జనమంతా టాంకుల దగ్గరే మూగారు. వంటబండి దగ్గర ఆగినవాళ్ళు తక్కువ. మనవాడు ముక్కాలిపీట మీద కూచుని బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతె వచ్చి, “సోల్జర్లు దుంపలు కూడా చెక్కుతారా?” అని అడిగింది.

“చాలా రోజులు అదే పని, తల్లీ” అన్నాడు, చేతిలో దుంప వదలకుండా.