గుళికల గుణపరీక్ష

హైదరాబాదునుండి మెదకు దిక్కునకు సాగిపోవు రహదారి ప్రక్కను, మొక్కజొన్న చేలకును కోళ్ళఫారములకును నడుమ, కుక్కలకు ఎండు ఆహారమును తయారుచేయు చిన్న కర్మాగార మొకటి కలదు. మక్కలు, నూకలు, తవుడు, సోయాచెక్క, కోడిమాంసము మొదలగు ముడిసరకులన్నియు చుట్టుప్రక్కలనే లభించుటచేత ఇట్టి పరిశ్రమ ఇక్కడ వేళ్ళూనుటలో ఆశ్చర్యము లేదు. మిగిలిన అన్నములో ఇంత మజ్జిగయో, మాంసపు పులుసో కలిపి పెరటికుక్కకు పెట్టు ఆచారము మన యిండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు గాని, పట్టణములలో దాని స్థానమును గోధుమవన్నె గుళికలు నింపిన సంచులు క్రమక్రమముగా ఆక్రమించుచున్నవి. కొనువాడు సంచి ముందువైపున కుక్కబొమ్మను, వెనుకవైపున మాంసకృత్తులింత, కొవ్వింత, పీచింత, తేమయింత యను నాలుగు అంకెలను చూచును; తినునది వానిని చదువలేదు, వేరొకటి తెచ్చిపెట్టుమని అడుగలేదు. ఆ నాలుగంకెల వెనుకనున్న పదార్థము మేలైనదో నాసిరకమో తెలిసికొను మార్గమేమి యను ప్రశ్నకు సమాధానమును వెదకుచు, యజమానుల అనుమతితో, వానలు వెనుకపట్టుచున్న ఆశ్వయుజమాసమున నే నా కర్మాగారమును దర్శించితిని.

ఈ పరిశ్రమ మన దేశమున పుట్టినది కాదు. 1860 ప్రాంతమున లండను నగరమునకు వచ్చిన జేమ్స్ స్ప్రాట్ అను అమెరికా దేశీయుడు, ఓడవారు పారవేసిన గట్టి బిస్కెట్లను రేవులోని కుక్కలు తినుట చూచి, గోధుమపిండిని మాంసముతోను కూరగాయలతోను కలిపి కుక్కల బిస్కెట్లు చేయించి అమ్మెనని చెప్పుదురు. 1957లో ప్యూరినా సంస్థ ఆవిరితో ఉడికించి పొంగించిన గుళికలను అమెరికా విపణిలోనికి తెచ్చినది మొదలు, ఎండు ఆహారమనగా ఆ గుళికలే యను స్థితి యేర్పడినది. రూపము మారినను ఒక సంగతి మాత్రము మారలేదు: పిండియై, ఉడికి, ఒకే అచ్చున రూపొందిన తరువాత ముడిసరకు మంచిచెడ్డలు కంటికి కనబడవు. కావున అసలు పరీక్ష జరుగవలసిన చోటు కర్మాగారపు వాకిలియే.

నేను పోవునప్పటికి ఆ వాకిట మక్కల లారీ యొకటి నిలిచియుండెను. గోదాము బాధ్యత వహించు పెద్దమనిషి, తలకు రుమాలు చుట్టుకొని, గోనెసంచులలో ఇనుపగొట్టమును గుచ్చి, అడుగునుండి కొన్ని, నడుమనుండి కొన్ని, పైనుండి కొన్ని గింజలను తీసి పళ్ళెములో పోయుచుండెను. ఒక గింజను పంటిక్రింద పెట్టి కొరికి, నావైపు తిరిగి, “చూడుండ్రి సారూ, మక్క కటుక్కున పలగాలె. మెత్తగ నలిగిందంటె లోపల తేమ ఉన్నట్టే. తేముంటె బూజొస్తది. బూజు పట్టినంక ఎంత ఎండబెట్టినా ఆ ఇసం పోదు” అనెను. ఆ మాటలో శాస్త్రమంతయు ఇమిడియున్నది. వానకాలపు మక్కలు కోతకు వచ్చు దినములలోనే కడపటి వానలును కురియుటచేత, మార్కెట్ యార్డులలోను రోడ్ల అంచులను ఆరబోసిన కుప్పలు తడిసిపోవుట తెలంగాణ రైతు తరచుగా అనుభవించు దుఃఖము. తేమ 14 శాతమును దాటిన గింజ నిలువకు పనికిరాదు. దానిపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్ళు వేరుసెనగచెక్క కలిసిన దాణా తిని మరణించినప్పుడు జరిగిన పరిశోధనవలననే ఈ విషము లోకమునకు తెలియవచ్చెను. కుక్క కాలేయము దీనికి మిక్కిలి సులభముగా లొంగును. పెంపుడు జంతువుల ఆహారములో ఇది కిలోకు 20 మైక్రోగ్రాములకు మించరాదని అమెరికా ప్రభుత్వము హద్దు పెట్టినది. ఉడికించు వేడికి ఇది పూర్తిగా నశింపదు గనుక, లోనికి రానీయకుండుటయే దీనికి మందు.

పరీక్షాశాలలో కెమిస్టుగా పనిచేయుచున్న మహిళ ఆ మక్కలను కచ్చాపచ్చాగా నలిపి పళ్ళెములో పరచి, దీపము లార్పి, అతినీలలోహిత కిరణముల దీపమును దానిపై పట్టెను. చీకటిలో, నలిగిన గింజల నడుమ, అక్కడక్కడ పసుపుచాయ గల ఆకుపచ్చని వెలుగు మెరసెను. “ఇది విషం కాదండీ, ఈ గింజమీద బూజు తిరిగింది అని చెప్పే గుర్తు మాత్రమే. విషం ఎంతుందో కిట్‌తో కొలవాలి. కొలిచేదాకా లారీ దించనివ్వం” అని ఆమె చెప్పెను. మధ్యాహ్నమునకు కొలత హద్దు దాటినదని తేలెను. లారీ వచ్చినదారినే మరలెను. ఆ నష్టము చివరకు ఏ రైతు తలపై పడునో యని నా మనస్సు కలతపడెను. గింజలను ఆరబెట్టుకొనుటకు తగిన కల్లములను, ఆరబెట్టు యంత్రములను గ్రామములకు సమకూర్చినచో, రైతునకు ధరయు, పశువునకు ఆరోగ్యమును ఏకకాలముననే దక్కును.

తరువాత ఆమె నా ముందు రెండు గిన్నెలు పెట్టెను. రెంటను కోడిమాంసపు పొడియే. చికెన్ మీల్ అని వ్యాపారులు వ్యవహరించు ఈ పదార్థము, కోళ్ళను కోసిన పిదప మిగిలిన మాంసమును, చర్మమును ఎముకలతో సహా ఉడికించి, కొవ్వును పిండివేసి, ఎండబెట్టి పొడిచేయగా వచ్చునది. మొదటి గిన్నెలోని పొడి లేత గోధుమవన్నెతో, వేచిన మాంసపు వాసనతో నుండెను. రెండవది ముదురువన్నెకు తిరిగియుండెను. దానినుండి మక్కిన నూనె వాసన ముక్కును తాకెను. భూతద్దము క్రింద చూడగా అందు ఈకల కాడల తునుకలు స్పష్టముగా కనబడెను. అయినను, మాంసకృత్తుల పరీక్షలో హెచ్చు అంకె తెచ్చుకొన్నది ఈ రెండవ పొడియే!

ఈ వింతకు కారణము ఆ కొలత పుట్టుకలోనే కలదు. 1883లో కోపెన్‌హాగన్ నగరపు కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అను రసాయనవేత్త, పదార్థమును గాఢ గంధకామ్లములో ఉడికించి అందలి నత్రజనిని కొలుచు పద్ధతిని కనుగొనెను. మాంసకృత్తులలో సుమారు 16 శాతము నత్రజని యుండును గనుక, లభించిన నత్రజనిని 6.25తో హెచ్చించి, ఆ లబ్ధమునే మాంసకృత్తులని సంచిపై ముద్రింతురు. కావున మనము చదువు అంకె నత్రజనికి సంబంధించినదే గాని పోషణకు సంబంధించినది కాదు. కోడి రొమ్ముకండకును, కుక్క కడుపు అరిగించుకొనలేని పచ్చి ఈకకును ఆ పరీక్ష భేదము నెరుగదు. ఈ లోపమును ఆసరాగా గొని జరిగిన ఘోరము 2007లో బయటపడెను. చైనానుండి ఉత్తర అమెరికాకు పోయిన గోధుమ గ్లూటెన్‌లో, ప్లాస్టిక్ తయారీకి వాడు మెలమిన్ అను రసాయనము కలిసియుండెను. దాని తూకములో మూడింట రెండు వంతులు నత్రజనియే యగుటచేత మాంసకృత్తుల అంకె పెరిగెను. ఆ ఆహారము తిన్న కుక్కలకును పిల్లులకును మూత్రపిండములలో స్ఫటికములు పేరుకొని ప్రాణములు పోయెను. మరుసటి సంవత్సరమున అదే మోసము చైనాలో పసిబిడ్డల పాలపొడిలో వెల్లడియైనది. అంకెను మాత్రమే కొను విపణిలో అంకెను మాత్రమే తయారుచేసి అమ్మువారు పుట్టుకవత్తురు.

అందుచేత ఈ కెమిస్టు మరి రెండు పరీక్షలు చేయును. మొదటిది, పొడిని పెప్సిన్ ద్రావణములో నానబెట్టి, కరగక మిగిలిన భాగమును తూచుట. కరగినది కుక్కకు దక్కును. మిగిలినది వృథాగా బయటికి పోవును. రెండవది బూడిద పరీక్ష. పింగాణి మూసలో పొడిని పోసి సుమారు 600 డిగ్రీల వేడిగల కొలిమిలో నుంచగా, మాంసమును కొవ్వును కాలిపోయి, ఖనిజములు మాత్రము తెల్లని బూడిదయై మిగులును. బూడిద ఎంత ఎక్కువైన, మాంసమునకు బదులు ఎముక అంత ఎక్కువ చేరినదని యర్థము. ఇది ధనమునకు సంబంధించిన మోసము మాత్రమే కాదు. సున్నపుధాతువు మితిమీరినచో గ్రేట్ డేన్ వంటి పెద్దజాతి కుక్కపిల్లల ఎముకలు వక్రముగా ఎదుగును; అందుచేతనే అట్టి పిల్లల ఆహారములో అది 1.8 శాతమునకు మించరాదని అమెరికాలోని దాణా నియంత్రణాధికారుల సంఘము నిర్ణయించినది.

సంచిపై పదార్థముల పేర్లను చదువుటలోను నే నాడు కొంత నేర్చుకొంటిని. పేర్లను తూకము ననుసరించి హెచ్చునుండి తగ్గునకు వ్రాయుదురు. కాని ఆ తూకము ఉడికింపక పూర్వపుది. తాజా కోడిమాంసము 30 కిలోలు, మక్కలు 25 కిలోలు కలిపినచో మాంసమే మొదట నిలుచును. అయితే ఆ మాంసములో సుమారు 70 శాతము నీరే గనుక, గుళిక ఎండునప్పటికి దానినుండి మిగులు ఘనపదార్థము 9 కిలోలు. మక్కలనుండి మిగులునది 22 కిలోలు. అట్లే మక్కలు, మక్కల తవుడు, మక్కల గ్లూటెన్ అని ఒకే ధాన్యమును మూడు పేర్లుగా చీల్చి వ్రాసినచో, మూడును మాంసము క్రిందికి దిగిపోవును. మరియొక ప్రక్క, ఉపోత్పత్తి యను మాట కనబడినంతనే సంచిని త్రోసివేయువారును కలరు. అదియు న్యాయము కాదు. కార్జము, తిల్లి, గుండె, బోటి మన యిండ్లలో మనుష్యులే ఇష్టముగా తిను వస్తువులు. శుభ్రముగా సేకరించినచో కుక్కకు అవి శ్రేష్ఠమైన ఆహారము. ఏ జంతువుదో చెప్పని ‘మాంసపు పొడి’ యను మాటనే సందేహింపవలెను. కోడి యని పేరు చెప్పిన పదార్థమును గూర్చి ప్రశ్నించుటకైనను వీలుండును.

పిదప యంత్రశాలకు పోతిమి. పిండి, నీరు, ఆవిరి కలిసిన ముద్దను ఒక మరచుట్టు లోహపుగొట్టము గుండ నెట్టుచుండగా, జంతికల గొట్టమునుండి వలె అది కొసనున్న రంధ్రములగుండ వెలువడును. వెలుపలికి వచ్చిన క్షణమున పీడనము తగ్గి పొంగును. తిరుగుచున్న కత్తి దానిని గుళికలుగా తెగగోయును. నూరు డిగ్రీలకు మించిన ఆ వేడికి పిండిపదార్థము ఉడికి కుక్కకు సుజీర్ణమగును. వేడి హద్దుమీరినచో లైసిన్ వంటి అత్యవసరమైన అమైనో ఆమ్లములు చెడును. ఆరిన గుళికలపై చివర కోడికొవ్వును చల్లుదురు. నాణ్యతకు తుది పరీక్ష ఇక్కడనే యని కెమిస్టు చెప్పెను. కొవ్వు గాలికి మక్కిపోవును గనుక, దాని పెరాక్సైడ్ విలువను కొలువక పీపాను తెరువనీయరు. మక్కకుండ టోకోఫెరాల్ కలుపుదురు. ఈ కర్మాగారమున రంగులు వేయరు. కుక్క కన్ను ఎరుపు ఆకుపచ్చలను స్పష్టముగా వేరుచేయలేదు. ఎర్రని గుళికలు, పచ్చని గుళికలు కొనువాని కన్నులకొరకే పుట్టినవి.

ధాన్యము కుక్కకు తగని ఆహారమను వాదమును గూర్చి ఆమె నడిగితిని. 2013లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన ఫలితములను ఆమె ఉదాహరించెను: పిండిని అరిగించు అమైలేజ్‌కు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే యుండగా, కుక్కలో అంతకు అనేక రెట్లు కలవు. మనుష్యుని పంచన చేరి, వాని మెతుకులు తిని బ్రదికిన వేలయేండ్ల చరిత్ర దాని రక్తములోనే లిఖింపబడినది. ధాన్యమును తొలగించి బఠాణీలను, పప్పులను విస్తారముగా కలిపిన ఆహారములకును, కొన్ని కుక్కలలో కనబడిన గుండెజబ్బునకును సంబంధము కలదేమో యని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ విచారణ ప్రారంభించినది. కారణము నిర్ణయముగా తేలలేదు. కావున ధాన్యముండుట దోషము కాదు. తడిసి బూజుపట్టిన ధాన్యముండుట దోషము.

ఇక కొనువాడు చేయగలిగిన దేమి? పెద్దకుక్కకు తేమ తీసివేసిన లెక్కను మాంసకృత్తులు 18 శాతమునకును, ఎదుగు పిల్లకు 22.5 శాతమునకును తగ్గరాదను ప్రమాణమును గుర్తుంచుకొనవలెను. ఆహారము ఏ వయస్సునకు సంపూర్ణమో సంచిపై వ్రాసియున్నదా యని చూడవలెను. నెలదినములలో ముగియు చిన్నసంచిని కొని, తెరచినంతనే వాసన చూచి, మక్కిన జాడ యున్నచో తిప్పిపంపవలెను. కుక్క విసర్జించునది కొద్దిగా, గట్టిగా నున్నచో ఆహారము ఒంటబట్టుచున్నదనియు, రాశిగా వదులుగా నున్నచో పట్టుటలేదనియు గ్రహింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తయారుచేయువారికి ఉత్తరము వ్రాసి, బూడిద యెంత, జీర్ణమగు భాగమెంత, ప్రతి మక్కల లారీకిని అఫ్లాటాక్సిన్ పరీక్ష జరుగుచున్నదా అని అడుగవలెను. నేను చూచిన కర్మాగారమువారు ఈ లెక్కలన్నియు పుస్తకములలో వ్రాసియుంచిరి, అడిగినచో చూపిరి, కాని ఇంతవరకు వారిని అడిగిన కొనుగోలుదారులు అరుదని వారే చెప్పిరి.

మనుష్యుడు ఒకపూట చెడిన కూర తిన్నను మరుపూట వేరొకటి తినును. ఎండు ఆహారముపై పెరుగు కుక్కకు మారుపూట లేదు. ఏండ్లతరబడి ఒకే సంచి, ఒకే గుళిక. నేటి గుళికలోని లోపము స్వల్పమైనను రేపటి గుళికలోని లోపముతో చేరి దాని కాలేయముపైనను మూత్రపిండములపైనను పేరుకొనును. అందుచేత, మాంసకృత్తుల అంకె ప్రక్కనే బూడిద, జీర్ణశీలత, విషపరీక్షల ఫలితములను ముద్రించుట తయారుచేయువారి విధి. వారు ముద్రించువరకు ఓపికతో అడుగుచుండుట మన విధి.