ఫైలు పైకి పోయినది

ఎనిమిదేండ్లు గృహకృత్యములలో మునిగియున్న నేను, తిరిగి యుద్యోగము చేయు తలంపుతో, హైదరాబాదులో నొక శిక్షణతరగతిలో చేరితిని. నేర్పునది పెగా యను సాఫ్టువేరు. ఆ సంస్థను 1983లో ఆలన్ ట్రెఫ్లర్ అమెరికాలో స్థాపించెను.

తొలిపాఠము "కేసు" అను మాటతో మొదలయ్యెను. కోర్టు వ్యాజ్యము కాదు. ఒకరు ఒక పని కోరి వచ్చినది మొదలు అది తేలువఱకు నడచు వ్యవహారమంతయు కేసే. దానిని స్టేజీలుగను, స్టేజీలను స్టెప్పులుగను విడదీయుదురు. పని యొకరి పేర నుండినచో వారి వర్క్‌లిస్టులోను, బృందమున కుమ్మడియైనచో వర్క్‌క్యూలోను కనబడును. ఇంతలో తేలిన మేలను గడువు "గోల్". దాటరాని గడువు "డెడ్‌లైన్". గడువు మీఱినచో అర్జెన్సీ యంకె పెరుగును. ఎవ రెప్పు డేమి చేసిరో చరిత్రలో నిలుచును. (ఈ మాటలను తెనిగింప జూచితిని గాని, తోటివారు నవ్విరి.)

అభ్యాసమునకై నేను కుటుంబపింఛను దరఖాస్తు నెన్నుకొంటిని. నాన్నగారు గతించిన పిదప మా అమ్మ ఆ పింఛనుకై యొక కార్యాలయము చుట్టు పదునాలుగు నెలలు తిరిగెను. పోయినప్పుడెల్ల "ఫైలు పైకి పోయింది" అనెడివారు. తుదకు తేలినదేమన, ఆమె పేరు ఒక కాగితమున ఇంటిపేరుతోను, మఱియొకదాన ఇంటిపేరు లేకయు నుండెనట! ఆ సంగతి యామెకు చెప్పినవారు లేరు. ఫైలు అమ్మకొఱకు, అమ్మ ఫైలుకొఱకు ఎదురుచూచుచుండిరి.

కావున స్వీకారము, పరిశీలన, మంజూరు అని స్టేజీలు కూర్చి, ప్రతి యుద్యోగి పనికిని గడువు పెట్టి, గర్వముతోనే చూపితిని. నాకంటె పదేండ్లు చిన్నదైన ఉపాధ్యాయిని చూచి, "అక్కా, ఒక కాగితం తక్కువైతే కేసు ఎక్కడ ఆగుతుంది?" అని యడిగెను.

"నిలుపుదలలో."

"ఆగిందని ఆవిడకి ఎలా తెలుస్తుంది?"

నాకు నోట మాట రాలేదు. గుమాస్తా మొదలు అధికారివఱకు నందఱను తలచితిని. మా అమ్మను మఱచితిని. ఆ కార్యాలయమువారిని నేను తిట్టని దినము లేదు. ఇప్పుడు నా చేతితో నేనును అదే చేసితిని.

ఆ రాత్రి పిల్లలు నిదురించిన పిదప మరల కూర్చుంటిని. ఏ కాగితమున నేమి దోషమో, దిద్దుకొనుట కెక్కడికి పోవలెనో తెలుగులో తెలుపు ఉత్తరమును, కేసు నిలిచిన దినముననే పంపు స్టెప్పు చేర్చితిని. మఱునాడు అమ్మకు ఫోనుచేసి యా యుత్తరము చదివితిని. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "ఇంటిపేరు అన్న మాట కాస్త పెద్ద అక్షరాల్లో వేయించవే" అనెను.