వంజంగి రాయి, విశాఖ గాలి

ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

డిసెంబరు చివరి వారం. తెల్లవారుజామున నాలుగున్నర. పాడేరు నుంచి వంజంగి కొండకి వెళ్లే దారి. తారురోడ్డు అయిపోయిన చోటే కారు ఆపేసి ఉండాల్సింది. "ఇంకొంచెం ముందుకెళ్దాం అత్తా, అందరూ వెళ్తున్నారుగా" అన్నాడు మేనల్లుడు. వాడు చెప్పిన 'అందరూ' జీపులవాళ్లు. మాది పద్నాలుగేళ్ల వ్యాగన్ ఆర్. లోపల నలుగురం, డిక్కీలో బ్యాగులు. వాన నీళ్లు కోసేసిన గాడిలోకి కుడి చక్రం దిగింది. అంతే, కారు కింద ఎక్కడో 'ఠంగ్' మంది.

దిగి ఫోన్ లైటు వేసి చూశాను. నూనె కారడం లేదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం లేదు. మెల్లగా వెనక్కి తీసుకొచ్చి కారు ఓ పక్కన పెట్టి, కొండ ఎక్కాం. పైన మబ్బులు నిజంగానే సముద్రంలా పరుచుకున్నాయి. మధ్యలో కొండ కొనలు దీవుల్లా తేలుతున్నాయి. సూర్యుడు వచ్చేసరికి చుట్టూ వందల మంది ఫోన్లు పైకెత్తారు. నేను మాత్రం కారు కింద చాంబర్ ఏమైందో అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు.

పాడేరు దిగాక ఓ మెకానిక్ కుర్రాడు గోనెసంచి పరుచుకుని కారు కిందకి దూరాడు. "చాంబర్ సొట్ట పడింది మేడమ్, పగల్లేదు. ఇంకాస్త గట్టిగా తగిలుంటే ఆయిలంతా అక్కడే పోయీది. గార్డు ఏయించీయండి" అన్నాడు. చాంబర్ అంటే ఇంజిన్ ఆయిల్ నిలవ ఉండే రేకు తొట్టె. కారు ముందు భాగంలో బాగా కిందకి వేలాడే వాటిలో అదొకటి. అది చిరిగితే నూనె కారిపోతుంది. చూసుకోకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. అప్పుడు పాత కారుకి ఇంజిన్ పని చేయించడం కంటే తుక్కుకి ఇచ్చేయడమే చవక.

ఈ కారు నాన్నది. రిటైరైన ఏడాది, 2011 నవంబరులో కొన్నారు. ఏటా మే నెలలో మోదకొండమ్మ జాతరకి అమ్మని ఎక్కించుకుని పాడేరు తీసుకెళ్లడం ఆయనకి అలవాటు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు స్టీరింగు నా చేతిలో. "వచ్చే నవంబరుకి పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చేయించాలి, రిజిస్ట్రేషన్ పొడిగించడానికి 5,000 కట్టాలి. అదంతా చేసినా ఇంకో ఐదేళ్లకే. అమ్మేయక ఎందుకే?" అంటాడు అన్నయ్య. వాడి లెక్క తప్పని నేననను. కానీ అమ్మ బస్సెక్కి ఘాటు ఎక్కలేదు. వాంతులు. ముందు సీట్లో, అద్దం దించుకుని, నాన్న కారులో అయితేనే ఆవిడకి పాడేరు.

విశాఖ వచ్చిన మర్నాడే యాక్సెసరీస్ షాపుకి వెళ్లాను. ఇంజిన్ కింద ఇనుప గార్డు 3,800. కింద మొత్తం నల్ల కోటింగ్ 4,700. రెండూ కలిపి 8,500. "పాత బండికే ఇవి ఎక్కువ అవసరం మేడమ్" అన్నాడు కౌంటర్ దగ్గర అబ్బాయి. పెద్దవాళ్లకి మఫ్లరు చుట్టినట్టు ఆ మాట బాగానే అనిపించింది. అడ్వాన్సు ఇవ్వబోయాను. అమ్మ ఫోన్లో ఒకటే అంది: "నాన్నగారి మేస్త్రికి ఓసారి చూపించమ్మా."

మేస్త్రి షెడ్డు కంచరపాలెంలో. నాన్న కంటే నాలుగైదేళ్లు చిన్నవాడు ఉంటాడు. కారు లిఫ్టు మీద పైకెత్తాడు. పద్నాలుగేళ్లుగా ఎక్కి దిగుతున్న కారు అడుగు నేను చూడటం అదే మొదటిసారి. మీరు మీ కారుది చూశారా ఎప్పుడైనా? సైలెన్సరు గొట్టం, బ్రేకు గొట్టాలు, ఎండిపోయిన ఘాటు మట్టి, ఎక్కడిదో ఓ ప్లాస్టిక్ కవరు. చాంబర్‌కి అరచేయంత సొట్ట. మిగతాదంతా నల్లగా, నున్నగా ఉంది. కొన్నప్పుడే షోరూములో వేయించిన కోటింగ్ అది. బిల్లు నాన్న ఫైల్లో ఇప్పటికీ ఉంది.

"బాగానే ఉంది కదా?" అన్నాను.

మేస్త్రి మాట్లాడలేదు. స్క్రూడ్రైవర్ తిరగేసి, పిడితో ఆ నలుపు మీద కొట్టుకుంటూ వెళ్లాడు. టక్, టక్, టక్. ఎడమ పక్క వెనక తలుపు కింద, జాకీ పెట్టే చోట శబ్దం మారింది. మెత్తగా, పుచ్చకాయ మీద కొట్టినట్టు. అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కాడు. రెండంగుళాలు లోపలికి దిగిపోయింది. ఆ కన్నంలోంచి తుప్పు పొరలు, వాటి వెనకే నాలుగు చుక్కల మురికి నీళ్లు రాలాయి.

"నల్లగా ఉందని బాగుందనుకోకండమ్మా. ఈ నలుపు ఎండిపోయి బీటలిచ్చింది. ఆ బీటలోంచి నీరు ఎల్తాది గానీ మళ్లీ బయటికి రాదు. లోపలే ఉండి తినేస్తాది. దీనిమీదే ఇంకో కోటింగ్ ఏయిస్తే, ఇది కూడా కనబడదు."

నేను అదృష్టవంతురాలిని. ఆ చోట ఎవరో జాకీ పెట్టి స్టెప్నీ మార్చబోతే, కారు జారి మీద పడేది.

విశాఖలో ఉండేవాళ్లకి ఈ తుప్పు కొత్తేం కాదు. మాది పెదవాల్తేరు. ఇంటి నుంచి బీచ్ రోడ్డుకి నడిచే దూరం. కిటికీ ఊచలకి రెండేళ్లకోసారి రంగు వేయిస్తాం. డాబా మీది ఏసీ పెట్టె కాళ్లు ఓసారి విరిగిపోయాయి. తాళంకప్పలు పట్టేస్తాయి. గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమని పీల్చుకుని ఇనుము మీద కూర్చుంటుంది. మైదానం ఊళ్లలో వాన వెలిశాక రేకు ఆరిపోతుంది. ఇక్కడ వాన లేకపోయినా పూర్తిగా ఆరదు. వేసవిలో కూడా రాత్రి కారు అద్దం మీద వేలు పెడితే జిగటగా తగులుతుంది. ఆ జిగటే కారు కింద కూడా ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. పైన మాత్రం వారానికోసారి కడిగి, పండగలకి పాలిష్ పెట్టేవాళ్లం.

తలుపుల అడుగున, పక్కన బీముల్లాంటి డొల్ల భాగాల్లో నీళ్లు జారిపోవడానికి చిన్న కన్నాలు ఉంటాయిట. మా కారులో అప్పటి కోటింగ్ కుర్రాళ్లు వాటిలో రెండింటిని ఆ నల్ల మందుతోనే పూడ్చేశారు. నీళ్లకి దారి మూసేసి, నీళ్ల నుంచి కాపాడుతున్నామని డబ్బు తీసుకున్నారు! నాన్న అయితే నవ్వేవారేమో. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"సరే, గార్డు సంగతి?" అన్నాను.

"ఏడాదికెన్ని సార్లు ఎల్తారమ్మా పాడేరు?"

"రెండు. మహా అయితే మూడు."

మేస్త్రి లెక్క చెప్పాడు. కారు కిందకీ నేలకీ మధ్య ఉండేదే 165 మిల్లీమీటర్లు. అదీ ఖాళీ కారుకి. నలుగురు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది, పాత స్ప్రింగులకి మరీను. గార్డు బిగిస్తే అందులోంచి ఇంకో అంగుళం దాకా పోవచ్చు. అంటే ఇప్పుడు తప్పించుకునే రాళ్లు కూడా అప్పుడు తగులుతాయి, కాకపోతే చాంబర్‌కి బదులు గార్డుకి. రేకు సన్నంది అయితే అదే వంగి చాంబర్‌ని నొక్కుతుంది. గార్డు పైన మట్టి, ఆకులు చేరి తడిగా ఉండిపోతాయి, మన ఊరి గాలికి అదో కొత్త తుప్పు గూడు. ఇంకోటి నాకు బాగా నచ్చింది. ఇంజిన్ ఎక్కడైనా కాస్త నూనె కారితే పొద్దున్నే నేల మీద మరక కనిపిస్తుంది. గార్డు ఉంటే ఆ మరక గార్డు మీదే ఉండిపోతుంది. మనకి తెలిసేసరికి ఆలస్యం.

"అలాగని గార్డు దండగని కాదమ్మా. సింతపల్లి, జి.మాడుగుల అవతల ఊళ్లలో ఉజ్జోగాలు సేసీవోళ్లు రోజూ ఆ రాళ్ల మీదే కదా. ఆళ్లకి మందమైన గార్డు ఏసి పంపిస్తాను. మీరు రోజూ తిరిగీది ఎక్కడ? బీచ్ రోడ్డు."

ఆ మాటతో విషయం తేలిపోయింది. వంజంగి రాయి ఒక్కసారి మోగింది, భయపెట్టింది. ఇంటి ముందు గాలి పద్నాలుగేళ్లుగా చప్పుడు చేయకుండా తింటూనే ఉంది. నేను డబ్బు తీయబోయింది చప్పుడు చేసినదాని కోసం.

పని రెండు రోజులు పట్టింది. నల్ల కోటింగ్ అనుమానం ఉన్న చోటల్లా గీకించాడు. తుప్పు తిన్న రేకు కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్. దానిమీద రెడ్ ఆక్సైడ్, అతుకుల్లో సీలెంటు, రంగు. ఆఖరున డొల్ల భాగాల్లోకి సన్న గొట్టంతో మైనం లాంటి నూనె కొట్టాడు. అది గట్టిపడి బీటలివ్వదట, అలా మెత్తగానే ఉంటుంది, కాకపోతే మధ్యమధ్యలో మళ్లీ కొట్టించుకోవాలి. మూసుకుపోయిన కన్నాలు తెరిచాడు. చాంబర్ సొట్ట అలాగే వదిలేశాడు, కారనంత వరకు దాని జోలికి పోవద్దని. మొత్తం 6,200 అయింది. అన్నయ్యకి చెబితే ఓ నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అమ్మ కోసం కదా" అన్నాడు. అందులో సగమే నిజం, వాడికీ తెలుసు.

మే నెలలో జాతరకి బయల్దేరాం. సబ్బవరం, చోడవరం మీదుగా మాడుగుల. చోడవరంలో అమ్మ స్వయంభూ వినాయకుడికి కారులోంచే దణ్ణం పెట్టుకుంది. మాడుగులలో హల్వా కొనకుండా ముందుకి కదలనివ్వదు. గోధుమ పాలతో చేస్తారు, నోట్లో వేసుకుంటే నెయ్యి వేళ్లకి అంటుకుంటుంది. అరకిలో మా మేనల్లుడు ఘాటు మొదలయ్యేలోపే పావుకిలో చేశాడు.

ఘాటులో నాకు ప్రతి గులకరాయీ వినిపించింది. గార్డు వేయించుకోలేదన్న గుబులు ఒక్కసారిగా ఎక్కడికి పోతుంది? మలుపు మలుపుకీ చెవులు నేలకి ఆనించినట్టే నడిపాను. అమ్మవారి పాదాల దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. అక్కణ్నుంచి గాలి మారుతుంది. పాడేరు ఉండేది సుమారు 900 మీటర్ల ఎత్తున. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. అమ్మ అద్దం దించి చెయ్యి బయటపెట్టింది. నాన్న ఉంటే తిట్టేవారు.

జాతర జనంలో దర్శనానికి మూడు గంటలు పట్టింది. మర్నాడు వేకువన మేనల్లుడు మళ్లీ వంజంగి అన్నాడు. ముందు రోజు సాయంత్రం జల్లు పడింది, మబ్బులు ఉండొచ్చని వాడి ఆశ. ఈసారి తారు అయిపోయిన చోటే కారు ఆపి, జీపు మాట్లాడాను. ఎక్కే ముందు వంగి దాని కింద చూశాను. మందపాటి ఇనుప పలక, నిండా గీతలు, సొట్టలు.

"ఏటి మేడమ్ సూస్తన్నారు, ఏదైనా పడిపోనాదా?" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు బాబూ."

అమ్మ కూడా వస్తానంది. కొండ ఎక్కలేకపోయినా జీపు వెళ్లినంత దూరం. ముందు సీట్లో కమ్మీ పట్టుకుని కూర్చుంది. "ఇన్నేళ్లు వచ్చాం గానీ ఇటు ఎప్పుడూ రాలేదే. మీ నాన్న తారు దాటి బండి దింపేవారు కాదు" అంది. ఆ మాట డిసెంబరులో చెప్పి ఉంటే బాగుండేది. మబ్బులు ఆ రోజు పల్చగానే ఉన్నాయి. అయినా ఆవిడ చాలాసేపు చూసింది.

విశాఖ చేరాక మేస్త్రి చెప్పినట్టు పైపు తీసుకుని కారు కింద మంచినీళ్లతో కడిగాను. ముందు ఎర్రగా ఘాటు మట్టి కారింది, తర్వాత నీళ్లు తేటపడ్డాయి. తెరిచిన కన్నాల్లోంచి కూడా చుక్కలు పడుతున్నాయో లేదో వంగి చూసుకున్నాను. పడుతున్నాయి. ఫిట్‌నెస్ నవంబరులో. అక్టోబరులో ఓసారి లిఫ్టు ఎక్కిద్దాం తెమ్మన్నాడు మేస్త్రి.