చక్రములమీది చలికాలము



చలికాలము రాగానే దూర ప్రాంతముల పక్షులు మన పులికాట్ సరస్సునకు వచ్చుట మీలో కొందరు చూచియుందురు. అమెరికాలో మనుష్యులును ఆలాగే వలస పోవుదురు. ఉత్తరముననున్న మిన్నెసోటా, డకోటా రాష్ట్రములలోను కెనడాలోను మంచు పేరుకొని, చలి సున్న డిగ్రీలకు ఇంకను 20 డిగ్రీలు క్రిందికి దిగు దినములలో, ఉద్యోగమునుండి విశ్రమించిన వృద్ధులు వేలకొలదిగా దక్షిణమునకు దిగివత్తురు. వారిని అక్కడివారు మంచుపక్షులందురు. వారిలో అనేకులు అద్దె ఇల్లు వెదకరు. పడక, పొయ్యి, స్నానపుగది అన్నియు గల బండి ఒకటి వారికుండును. దానిని ఆర్.వి. అందురు. చలికాలమంతయు వారి కాపురము అందులోనే.

2024 జనవరిలో నేనును నా భార్యయు ఫీనిక్సు పట్టణమందు ఉద్యోగము చేయుచున్న మా కుమారుని చూడబోయితిమి. ఆ పట్టణమునకు పడమట సుమారు 200 కిలోమీటర్ల దూరమున, ఆరిజోనా ఎడారిలో, క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు కలదు. పూర్వము మా సంఘమును దర్శించిన ఒక వృద్ధ రైతు తన భార్యతో మిన్నెసోటానుండి వచ్చి అచ్చట బస చేసియుండెను. తన బండి ప్రక్కనున్న చిన్న ట్రైలరును మాకిచ్చి ఉండుమనెను. ఆరు వారములు ఉంటిమి.

2020 జనాభా లెక్కలలో ఆ ఊరివారు 2,413 మంది మాత్రమే. చలికాలమందు చుట్టునున్న ఎడారి బండ్లతో నిండిపోవును. ఊరికి దక్షిణమున లా పోసా అనుచోట 11,000 ఎకరములకు పైగా ప్రభుత్వపు భూమి యున్నది. 1983లో మొదలైన ఏర్పాటు ప్రకారము, రుసుము చెల్లించినవారు సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు అచ్చట బండి నిలుపుకొనవచ్చును. బండ్లకు కరెంటు తీగలు గాని నీటి గొట్టములు గాని లేవు. పగలు మన కార్తీకమాసపు ఎండవలె హాయిగా నుండును. రాత్రి మాత్రము మన్యపు చలి.

మా నీటి తొట్టిలో పట్టునది 150 లీటర్లు. అది ఇద్దరికి పది దినములు రావలెను. అనగా తలకు దినమునకు ఏడున్నర లీటర్లు. గిన్నెలు కడిగిన నీటిని పాయిఖానాకు వాడితిమి. మురుగును నేలమీద వదలక, వేరొక తొట్టిలో నిలువచేసి, నియమించిన చోటికి కొనిపోయి పారబోయవలెను. ఇవన్నియు మా స్నేహితుడు వివరించుచుండగా నా భార్య నవ్వి, "బిందె మోసినవాళ్ళకు నీళ్ళ కొలత ఒకరు నేర్పాలా?" అనెను. మా మొదటి పాస్టరేటులో ఆమె అరమైలు దూరమునుండి నీళ్ళు తెచ్చినది గదా! చలికాలపు సూర్యుడు దక్షిణమున క్రిందుగా నడచును గనుక సౌర పలకలను ఆ దిక్కునకు వంచితిమి. పగలు బ్యాటరీలో నిలిచినదే రాత్రికి వెలుతురు. ఎండిన వాగులో బండి నిలుపరాదనియు నేర్చుకొంటిమి. దూరపు కొండలమీద వాన పడినను అందులో వెల్లువ వచ్చును.

అచ్చటివారందరు ఒకే స్థితిలో లేరు. కొందరికి ఉత్తరమున మంచి ఇల్లున్నది. కొందరికి ఆ బండియే ఇల్లు. పింఛను ఇంటి అద్దెకు చాలక వచ్చినవారు. అట్టివారిలో కొందరు శరత్కాలమున ఉత్తరమునకు పోయి, బీటుదుంపల కోతలో కూలి చేసి, ఆ డబ్బుతో చలికాలము వెళ్ళదీయుదురు.

మా ఎడమ ప్రక్క బండిలో 81 ఏండ్ల విధవరాలు ఒంటరిగా నుండెను. ఆమెకును మా స్నేహితుని భార్యకును ఒక ఒప్పందము కలదు. ఉదయము ఏడు గంటలకు ఆమె తన కిటికీ తెర తీయవలెను, ఈమె చూడవలెను. ఒక శనివారము ఎనిమిదైనను తెర తీయబడలేదు. తట్టితిమి, పలుకలేదు. మారు తాళపుచెవి మా స్నేహితునియొద్ద నుండెను. తెరచి చూడగా ఆమె తుంటి యెముక విరిగి, రాత్రి రెండు గంటలనుండి నేలమీదనే పడియుండెను. ఆసుపత్రి యున్న పార్కర్ పట్టణము సుమారు 55 కిలోమీటర్లు. అంబులెన్సు వచ్చువరకు నా భార్య ఆమె చేయి పట్టుకొని కూర్చుండెను. ఆమె బ్రదికినది గాని, మరల ఆ బండి మెట్లెక్కలేదు. కుమార్తె వచ్చి బండి అమ్మి, తల్లిని ఉత్తరమునకు కొనిపోయెను.

ఈ సంగతి మీకు వ్రాయుటకు కారణమున్నది. నాకిప్పుడు 58 ఏండ్లు. రెండేండ్లలో పాస్టరేటు ఇల్లు ఖాళీ చేయవలెను. ముప్పది ఏండ్లలో ఆరు ఊళ్ళు మారితిమి. మాకంటూ ఒక ఇల్లు లేదు. ఆ ట్రైలరులో కాపురముండిన తరువాత ఇంటిని గూర్చిన దిగులు నన్ను విడిచెను. ఇద్దరికి ఒక గది చాలును. గుడారములలో బ్రదికిన అబ్రాహామును తలంచుకొంటిని. అయితే తీయబడని ఆ తెర నాకు మరియొక ప్రశ్న వేసెను: రేపు మా తెర చూచువారెవరు?

కుమారుడు ఫీనిక్సుకే వచ్చి ఉండుమని బ్రతిమాలుచున్నాడు. అతడును కోడలును ఉదయము వెళ్ళి రాత్రి వత్తురు. తిరిగి వచ్చుచు విమానములో నా భార్య, "గది ఎంత చిన్నదైనా సరేనండీ, పొద్దున్నే పేరుపెట్టి పిలిచేవాళ్ళున్న ఊళ్ళో ఉందాం" అనెను. అందుచేత మా రెండవ పాస్టరేటులోని ఒక పల్లెలో అద్దెకు గది అడిగియున్నాము. కుమారునికి ఇది బాధగానే యున్నది. మనుమలను విడిచి యుండుట మాకును తేలిక కాదు.

చదువరులారా, పిల్లలు హైదరాబాదుకో గల్ఫు దేశములకో పోగా, మీ ఊరిలో ఒంటరిగా మిగిలిన వృద్ధులెందరు? వారి వాకిలి ఉదయమున ఊడ్చబడినదో లేదో చూచువారు కలరా? వారి మారు తాళపుచెవి ఎవరియొద్దనైన నున్నదా? దీనికి కానుకల పెట్టె తెరువనక్కరలేదు, కమిటీ కూర్చుండనక్కరలేదు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అట్టి ఇంటి తలుపొకటి తట్టుడి. ప్రతి ఉదయము మీరు చూడవలసిన గురుతేమో వారినే అడిగి, సోమవారము మొదలుకొని చూడుడి.