పసిబిడ్డకు పడనిది తల్లిపాలు కాదు



పోయిన వారం మనవాళ్ళ ఇంట్లో ఒక నామకరణానికి వెళ్ళాం. రెండు నెలలు నిండని బిడ్డ, ఆపకుండా ఏడుస్తోంది. తల్లి చిన్న పిల్ల. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, పదిమందివీ పది మాటలు. ఒకావిడ "నీ పాలు బిడ్డకు పడటం లేదమ్మా, ఆపేసి డబ్బా పాలు పట్టు" అని తీర్పు చెప్పేసింది. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది. మేమిద్దరం, అంటే మా ఇంటావిడా మేమూ, భోంచేసి తాంబూలం తీసుకుని వచ్చేశాం. దారంతా మాకు మాట రాలేదు. ఎందుకంటే రెండేళ్ళ కింద అదే మాట మా ఇంట్లో మేమే అన్నాం. అక్కడ నోరు తెరిచి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మన కోలారు జిల్లాలో పాలంటే దేవుడితో సమానం. బంగారం, పట్టు, పాలు అని మూడూ కలిపి చెప్పుకునే జిల్లా ఇది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం పోయింది, పాలు మిగిలాయి. తెల్లారకముందే డెయిరీ ముందు క్యాన్లు వరుస కట్టే పల్లెలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. 2013లో క్షీరభాగ్య పథకం వచ్చాక బడిపిల్లలకు కూడా పాలు పోస్తున్నారు. ఇలాంటి చోట బాలింతకు పాలు వద్దని ఎవరైనా చెబితే నవ్వుతారు. మేమూ నవ్వేవాళ్ళమే.

మా కోడలిది పలమనేరు పక్క. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు మా దగ్గరే జరిగింది. కొడుకు రోజూ రైల్లో బెంగళూరు పోయి రాత్రికి వస్తాడు. పగలంతా తల్లీబిడ్డల బాధ్యత మాదే. పొద్దున పెద్ద గ్లాసు పాలు, పదకొండింటికి పాలల్లో బన్ను, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం వెల్లుల్లి వేసి కాచిన పాలు, పడుకోబోయే ముందు మళ్ళీ పాలు. రోజుకు లీటరు దాకా అయ్యేది. "పాలు తాగితేనే కదమ్మా పాలు పడేది" అనేది మా ఇంటావిడ మాట. వాళ్ళమ్మ మాట కూడా అదే.

మూడో వారం నుంచి బిడ్డ మారిపోయింది. పాలు తాగిన కాసేపటికి కాళ్ళు కడుపుకు ముడుచుకుని ఏడ్చేది. పాలు కక్కేది. చెంపల మీద గరుకుగా ఎర్రటి మచ్చలు వచ్చాయి. మేము దిష్టి తీశాం. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశాం. గ్రైప్ వాటర్ పట్టాం. ఐదో వారంలో గుడ్డ మీద జిగటతో పాటు దారంలాగా రక్తం కనబడింది.

మొదట చూపించిన చోట రెండు నిమిషాల్లో తేల్చేశారు. బిడ్డకు లాక్టోజు పడదు, తల్లిపాలు ఆపి లాక్టోజు లేని డబ్బా పాలు పట్టండి అన్నారు. ఇంటికొచ్చి మేము కోడలితో అన్నాం: "నీ పాలు బిడ్డకు పడలేదమ్మా." ఆ రాత్రి ఆ పిల్ల పాలు పిండి పారబోస్తూ ఏడవడం పక్క గదిలో మాకు వినబడింది. లేచి వెళ్ళి ఒక మాట చెప్పడానికి కూడా మాకు తోచలేదు. డబ్బా మొదలుపెట్టిన మూడో రోజుకు రక్తం ఎక్కువైంది.

కొడుకు సెలవు పెట్టి బిడ్డను బెంగళూరులో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. మేమూ వెళ్ళాం. ఆవిడ బరువు తూచారు. జ్వరం ఉందా, పుట్టినప్పుడు విటమిన్ కె సూది వేశారా అని అడిగారు. మలద్వారం దగ్గర చీలిక ఉందేమో చూశారు. అన్నీ అయ్యాక కోడలి వైపు తిరిగి "నువ్వు ఏం తింటున్నావమ్మా?" అన్నారు. అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఆవిడ చెప్పింది మాకు అర్థమైనంత వరకు రాస్తాం. లాక్టోజు అంటే పాలలో ఉండే చక్కెర. తల్లి చుక్క పాలు తాగకపోయినా ఆమె పాలలో అది ఉంటుంది. పుట్టుకతోనే దాన్ని అరిగించుకోలేని బిడ్డలు చాలా అరుదు. గట్టిగా విరేచనాలు పట్టుకున్న తర్వాత కొన్నాళ్ళు అరగకపోవచ్చు, అది మెల్లగా సర్దుకుంటుంది, దానికి తల్లిపాలు ఆపనక్కర్లేదు. మన పెద్దవాళ్ళకు పాలు తాగితే కడుపు ఉబ్బేది ఎక్కువగా ఈ లాక్టోజు వల్లే.

మా మనవరాలిది వేరే సంగతి. ఆమెకు పడనిది ఆవుపాలలోని ప్రోటీను. తల్లి తాగిన ఆవుపాల ప్రోటీను కొద్దిగా ఆమె రక్తంలోకి, అక్కడి నుంచి చనుపాలలోకి వస్తుంది. చాలామంది బిడ్డలకు దానివల్ల ఏమీ కాదు. కొద్దిమందికి అది ఒంటికి పడక పేగు లోపల వాస్తుంది, రక్తం చారలు అక్కడి నుంచే. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డల్లో సుమారు 200 మందిలో ఒకరికి ఇలా ఉండొచ్చట. లాక్టోజు తీసిన డబ్బాలో చక్కెర మాత్రమే పోయింది, ఆవుపాల ప్రోటీను అలాగే ఉంది. అదీ నేరుగా బిడ్డ కడుపులోకే పోయింది. అందుకే రోగం ఎక్కువైంది.

"తల్లిపాలు మళ్ళీ పట్టండి. తల్లి కంచంలోంచి పశువుల పాలు తీసేయండి. రెండు నుంచి నాలుగు వారాలు చూద్దాం" అన్నారు. పాలు తగ్గిపోయాయే అని మేము అడిగితే, బిడ్డ చీకేకొద్దీ వస్తాయన్నారు. అలాగే వచ్చాయి.

తల్లి తిన్నది, బిడ్డకు అయినది రోజూ రాసిపెట్టమన్నారు. ఆ పని మేము తీసుకున్నాం. రైల్వే బుకింగ్‌లో పనిచేసిన వాళ్ళకు అది కొత్త కాదు. క్యాషులో తేడా వస్తే మనిషిని అనుమానించే ముందు ఎంట్రీలు ఒక్కొక్కటే చూడాలి. మేము చదివింది తమిళ మీడియం, చేతికి వచ్చేది ఆ అక్షరాలే, అందులోనే రాసుకుంటూ పోయాం. నాలుగో రోజు కోడలు వాకిట్లో నిలబడి "మామా, దాంట్లో నా తప్పులు రాస్తున్నారా?" అని అడిగింది. ఆమెకు తమిళం చదవడం రాదు. తను తిన్న ప్రతి ముద్దా మామ రాస్తుంటే ఆ తల్లి లేని పిల్ల ఏమనుకుంటుంది? ఆ రోజు నుంచి తెలుగులో రాశాం. ఒత్తులు తప్పులు పోతే ఆమే దిద్దేది. తర్వాత తర్వాత ఆమే రాసేది, మేము చదివేవాళ్ళం.

ఆరో రోజుకు రక్తం ఆగింది. బిడ్డ రెండు గంటలు వరసగా పడుకుంది. పదకొండో రోజు మళ్ళీ చార కనబడింది. అందరం బెదిరిపోయాం. పుస్తకం తిరగేస్తే ముందు రోజు మధ్యాహ్నం "రసం అన్నం, మజ్జిగ" అని ఉంది. మా ఇంటావిడ ప్రేమతో పోసింది. "మజ్జిగ పాలా ఏంది, నీళ్ళే కదా" అంది. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది. మానేయాలంటే పాలు ఒక్కటే కాదు. పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పనీరు, కోవా, కాఫీ టీలు, పాలపొడి కలిసిన బిస్కెట్టు, బన్ను, మిఠాయి, గుళ్ళో పంచామృతం, అన్నీ. ప్యాకెట్టు వెనక పాలు, పాలపొడి, వే, కేసీన్ అని ఉందా అని చూడాలి. ఆవుకు బదులు గేదె, మేక పాలు తాగితే లాభం లేదు, ఆ ప్రోటీన్లు కూడా దగ్గర దగ్గర ఒకటే. వీధిలోకి వచ్చే గాడిదపాలు బిడ్డకు పట్టకండి. పచ్చిపాలతో వచ్చే రోగాలు వేరే ఉన్నాయి.

నాలుగు వారాలకు బిడ్డ బాగైంది, చెంపలు నునుపు తేలాయి. అప్పుడు డాక్టరమ్మ కోడలిని మళ్ళీ పాలు తాగమన్నారు. మేము వద్దని మొండికేశాం. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: ఇలాంటి బిడ్డల్లో కొందరికి ఏమీ చేయకపోయినా ఆ వయసుకు తగ్గిపోతుంది. మళ్ళీ ఇచ్చి చూడకపోతే పాల వల్లే అని రుజువు లేదు, తల్లి నెలల తరబడి ఊరికే నోరు కట్టుకోవాల్సి వస్తుంది. ఈ రకానికి రక్త పరీక్షలో కూడా ఏమీ తేలదు. కోడలు తాగింది. మూడో రోజు చార కనబడింది. అప్పుడే సంగతి ఖాయమైంది.

పాలు మానిన తల్లికి బలం ఎలా అని అడుగుతారు. మన రాగిముద్ద ఉంది కదా. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వులు, మునగాకు, పప్పు, గుడ్డు, చిన్న చేపలు పెట్టాం. అయినా తిండి ఒక్కటీ చాలదు, కాల్షియం, విటమిన్ డి మాత్రలు డాక్టరు రాసినట్టు వేసుకోవాలి. కాన్పయ్యాక ఆరు నెలల దాకా సర్కారు ఆసుపత్రుల్లో కాల్షియం మాత్రలు ఇచ్చే ఏర్పాటు ఉంది, అడిగి తీసుకోండి. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి వేసుకోకూడదు.

ఇది చదివి ఏడ్చే ప్రతి బిడ్డ తల్లికీ పాలు మాన్పించకండి. పసిబిడ్డలు ఏడుస్తారు. ఆరు వారాల వయసులో ఎక్కువగా ఏడ్చి, మూడు నాలుగు నెలలకు తగ్గుతారు. బరువు పెరుగుతూ, ఆడుకుంటూ ఉన్న బిడ్డ ఊరికే ఏడిస్తే అది సాధారణంగా ఆవుపాల అలర్జీ కాదు. ఏడుపుతో పాటు మలంలో రక్తం, జిగట, మానని ఎర్ర మచ్చలు, పదే పదే వాంతులు, బరువు పెరగకపోవడం కనబడితే అప్పుడు డాక్టరును అడగండి. డాక్టరుకు తెలియకుండా మీరే పాలు మాన్పించకండి.

కొన్నింటికి మాత్రం ఒక గంట కూడా ఆగకూడదు. పాలు పడిన నిమిషాల్లో పెదాలు, మొహం వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం. పచ్చటి వాంతులు. కడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ మలం ఎర్ర జెల్లీలాగా రావడం. రక్తం ఎక్కువగా పోవడం. జ్వరం. బిడ్డ వాడిపోయి పాలు పట్టకపోవడం. వీటిలో ఏది కనబడినా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తండి. మనకు కోలారు దగ్గర టమకలో జాలప్ప ఆసుపత్రి ఉంది, బెంగళూరులో ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి ఉంది. వాపు, దద్దుర్లు వచ్చిన బిడ్డకు మళ్ళీ పాలు ఇచ్చి చూసే పని ఇంట్లో ఎప్పుడూ చేయకూడదు.

ఇంకొకటి. పసిబిడ్డల డబ్బా పాల ప్రచారం మన దేశంలో 1992 చట్టం ప్రకారం నిషేధం. డబ్బా అవసరమైన బిడ్డలు ఉంటారు, ఈ అలర్జీ ఉన్నవాళ్ళకు వేరే రకం డబ్బాలు కూడా ఉన్నాయి, అవి ఖరీదైనవి. అవసరమా కాదా అని తేల్చాల్సింది డాక్టరు, నామకరణానికి వచ్చిన మనం కాదు.

మా మనవరాలికి ఏడాది నిండే ముందు డాక్టరమ్మ చెప్పిన వరసలో మెల్లగా మొదలుపెట్టాం. మొదట పాలు కలిపి బాగా కాల్చిన బిస్కెట్టు ముక్క, కొన్ని వారాలకు పెరుగు, ఆఖరున పాలు. ఎక్కువమంది బిడ్డలకు ఆ వయసుకు ఇది పోతుంది. మా పిల్లకూ పోయింది. ఇప్పుడు పెరుగన్నం గిన్నె లాక్కుని తింటుంది.

కోడలు మమ్మల్ని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మేమే ఒకరోజు అడిగాం, ఆ రోజు అన్న మాటకు బాధపడ్డావా అమ్మా అని. "మీరు అన్నందుకు కాదు మామా, నేను నిజమని నమ్మేశాను, దానికి" అంది. అందుకే ఇది రాశాం. మనలాంటి పెద్దవాళ్ళ మాటను చిన్నవాళ్ళు నమ్మేస్తారు.

ఈ ఆదివారం ఆ నామకరణం జరిగిన ఇంటికి మళ్ళీ వెళ్తున్నాం. ఆ బిడ్డకు ఇదే ఉందని మేము అనం, మాకు తెలియదు. నీ పాలు చెడ్డవి కావమ్మా అని ఆ పిల్లకు చెప్పి, డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటే వెళ్తాం. మీ ఇళ్ళల్లో ఇలా జరిగి ఉంటే కింద రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది. తెలుగులో తప్పులుంటే మన్నించి దిద్దండి.